చేతికేం తాకింది?

పొద్దున్నే రెండు స్టీలు గ్లాసుల్లో చాయ్ పోయడం కృష్ణమ్మకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. ఇప్పుడు ఒక్క గ్లాసే. భర్త మారయ్య తన గ్లాసును తువ్వాల అంచుతో పట్టుకుని, ఊదుకుంటూ, వాకిట్లో నిలబడే తాగేవాడు. చివరి ఏడాది ఆ తువ్వాల మానేశాడు. పొగలు కక్కే గ్లాసును ఉత్త చేత్తోనే పట్టుకునేవాడు.

"ఏం చెయ్యయ్యా నీది, కాలదా?" అని ఒకనాడు నవ్వింది.

"గడ్డపార పట్టిన చెయ్యి. గిదొక లెక్కనా?" అన్నాడు. ఆమె నమ్మింది.

గడ్డపార పట్టిన మాట నిజమే. పాలమూరు మట్టిపని ముఠాలతో చిన్నప్పటి నుంచీ ఊళ్లు తిరిగినవాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు జడ్చర్ల దగ్గర పెద్దరోడ్డు పక్కన గోల్ఫ్ మైదానం చేస్తుంటే తవ్వకానికి పోయాడు. తవ్వకం అయిపోయింది, ముఠా వెళ్లిపోయింది. మారయ్య మాత్రం ఆడేవాళ్ల సంచులు మోసుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

ఆ సంచుల్లో ఇనుప తలల కర్రలుంటాయి. ఐరన్లంటారు. ఏటేటా కొత్త రకాలు దిగుతుంటాయి. ఏది కొనాలో తేలనప్పుడు, అక్కడ ఆడే రఘుపతి సారు మారయ్యనే పిలిచేవాడు. మారయ్య కొట్టి, బంతి ఎటు పోయిందో కూడా చూడకుండా కాసేపు కళ్లు మూసుకునేవాడు. గడ్డపార దిగితే కింద మన్నుందో రాయుందో చెయ్యి చెప్పినట్టే, ఐరన్ సంగతీ చెయ్యే చెప్తుందనేవాడు. ఆ మాట మీదే సారు కొనేవాడు. అందుకే సారు సంచి ఎప్పుడూ మారయ్య భుజం మీదే ఉండేది.

నిరుడు ఎండాకాలంలో ఒక సాయంత్రం మారయ్య రెండు ఐరన్లు ఇంటికి తెచ్చాడు. రెండూ కొత్తవే. ఒకదాని తల సన్నం, కత్తిలా అందంగా ఉంది. రెండోదాని వీపు లావు, లోపల బోలు. సారు మనసు సన్నదాని మీద ఉందట, కానీ ఆయనకు మోచేతి నొప్పి ఉంది. మారయ్య గోడకు గోనెపట్టా కట్టి, దాని ముందు బంతి పెట్టాడు.

"కిష్టమ్మా, జర గిటు రా. దీంతోని ఒకటి, దాంతోని ఒకటి కొట్టు. చేతికేం తాకిందో చెప్పు."

"పొయ్యి మీద అన్నం ఉన్నది."

"అన్నం యాడికి పోదు. రెండు దెబ్బలే."

కుచ్చిళ్లు ఎగదోపి కర్ర పట్టుకుందో లేదో, పక్కింటి నిర్మలమ్మ తల గోడ మీదుగా లేచింది.

"ఓ మారన్నా! పెండ్లానికి కట్టె పట్ట నేర్పుతున్నవా? రేపు మొదటి దెబ్బ నీకే పడ్తది, సూసుకో!"

వాడకట్టంతా నవ్వింది. కృష్ణమ్మకు తల కొట్టేసినట్టయింది. ఒక్కోదాంతో ఒక్కటి గబగబా కొట్టి కర్రలు గోడకు ఆనించింది.

"ఎట్లున్నది? ఏది జిల్లుమన్నది?"

"రెండూ ఒక్కతీరే ఉన్నయి. ఇనుము ఇనుమే గద."

"గట్ల కాదే. మంచిగ యాది చేసి చెప్పు."

"సన్నదే మంచిగున్నది, పో!" అని లోపలికి పోయింది.

సారు సన్నవే కొన్నాడు. నెల తిరగకముందే ఆయన మోచెయ్యి వాచింది. తిట్టలేదు. "నీ చేతికేమైంది మారయ్యా?" అన్నాడంతే, సంచి వేరేవాడి భుజానికి మారింది. మారయ్య మైదానంలో పడ్డ బంతులు ఏరే పనిలోకి పోయాడు. ఇంట్లో ఇదేదీ చెప్పలేదు. చలికాలంలో అరికాలికి మేకు గుచ్చుకుంటే అదీ తెలియలేదు అతనికి. దవాఖానకు పోయేసరికి విషం పైకెక్కింది. మనిషి తిరిగి రాలేదు.

దినాలయ్యాక తోటి పనివాడు మల్లేశ్ ఆ రెండు ఐరన్లు, ఒక బంతి పట్టుకుని వచ్చాడు.

"గివి అన్న పెట్టెల ఉన్నయి వదినె. సారే ఉంచుకొమ్మన్నడు." కర్రలు గోడకు ఆనించాడు. "అన్నకు ఏడాది సంది కాళ్లు చేతులు మొద్దుబారినయి. సుగర్. కొడితే బంతి తాకిందో లేదో సుత తెల్వకపోయేది. నాకొక్కనికే చెప్పిండు."

"మరి సారుకు ఎట్ల చెప్పిండు?"

"నీ చెయ్యి మీద భరోస పెట్టుకున్నడు వదినె. 'జొన్నరొట్టె కొడుతుంటే యాడ మందమున్నదో సూడకుంటనే పసిగడ్తది, దాన్నే అడుగుత' అన్నడు."

"నాకెందుకు చెప్పలే మల్లేశ్?"

"నువ్వు ఫికర్ చేస్తవని."

మల్లేశ్ పోయాక కృష్ణమ్మ వాకిట్లోకి వచ్చింది. నిర్మలమ్మ గోడ అవతల నిలబడి చూస్తోంది. కృష్ణమ్మ గోడకు గోనెపట్టా కట్టి, బంతి పెట్టి, లావుదానితో కొట్టింది. బంతి కర్ర తల అంచుకు తగిలినా అరచేతికి తడిపిన పిండి తాకినట్టు మెత్తగా ఉంది. సన్నదానితో కొట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా జిల్లుమని పాకింది, పళ్లు కూడా గిట్టకరుచుకుపోయాయి. ఎంత తేడా! ఆనాడు నిమిషం ఆగి ఉంటే చిన్నపిల్ల కూడా చెప్పేది.

"సన్నది వద్దయ్యా," అంది పైకే. "సారు మోచెయ్యి పట్టేస్తది."

నల్లా దగ్గర పొద్దటి గిన్నెలు అలాగే ఉన్నాయి. పీచు పట్టుకుని కూర్చుంది. చన్నీళ్లలో పెడితే చేతిలో ఆ జిల్లు పోతుంది. పీచు పక్కన పెట్టి, రెండు అరచేతులూ ఒళ్లో తెరుచుకుని, గిన్నెలు కడగకుండా అక్కడే కూర్చుంది.