సారు కోసం కొన్న కుండ

సారు పోయారని బార్డోలీ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను సూరత్ పక్కనున్న సచిన్‌లో, మిల్లులో, మగ్గాల మధ్య ఉన్నాను. మోతలో ఏమీ వినబడక బయటికి వచ్చాను. సారు ఉండే ఆశ్రమంలో వంటచేసే ముసలామె, అందరూ ‘బా’ అని పిలిచే ఆమె, హిందీలో ఒకే మాట రెండుసార్లు చెప్పింది. మాస్టర్‌జీ పొద్దున్నే వెళ్ళిపోయారు, సాయంత్రంలోపు రమ్మంది. సరే అన్నాను. లోపలికి వెళ్ళి తెగిన పోగులు అతికించాను. ఆ పని అయ్యాక గానీ సెలవు అడగాలని తోచలేదు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న రోజు దాకా రాలేదు. అబద్ధం ఆడి లాభమేముంది?

సూరత్‌లో మగ్గాలవాళ్ళ పిల్లలం చదివిన తెలుగు బడిలో ఆయన మాకు సోషల్ చెప్పారు. వయసులో పట్టు నేయడానికి కంచి వైపు వెళ్ళి, కొన్నేళ్ళుండి, తమిళం చదవడం నేర్చుకుని వచ్చిన మనిషి. మొఘలుల పాఠం మొదలుపెట్టినా సరే, గంట కొట్టేసరికి రెండు వేల ఏళ్ళ కిందటి తమిళ దేశంలో తేలేవారు. ఒక చేత్తో బెత్తం, ఒక చేత్తో చెంబు పట్టుకుని, చంకలో గొడుగు ఇరికించుకుని బల్లల మధ్య నడిచేవారు. “అగో, వస్తున్నడు సూడుండ్రి సన్యాసి! మూడు కట్టెలు కలిపి కట్టిన దండం, ఎండకు గొడుగు, నీళ్ళ కుండ. నడిచెటోనికి మూడే కావాలె. నాలుగోది పట్టుకుంటే మోసెటోన్ని ఎతుక్కోవాలె.”

ఆ కాలపు కొండ ఒకటి చెప్పేవారు. “కొండ కింద మురుగన్ పూనకం వచ్చి బల్లెం పట్టి ఆడెటోడు, మేకను కోసెటోడు. పైన గుహల, రాతి పడక మీద జైన సాధువు. చీమ సుత చావొద్దని సూసి సూసి అడుగేసెటోడు. ఇంకో దిక్కు, యుద్ధంల సచ్చినోనికి రాయి పాతి కల్లు పోసెటోళ్ళు. అందరు గదే వాగు నీళ్ళు తాగిండ్రు. ఎవనికి ఎవడు అడ్డం రాలె.” మేం నవ్వేవాళ్ళం. మాకు బల్లెం, పూనకం నచ్చేవి. ఆయనకు మాత్రం ఆ సన్యాసుల మీదే మనసు.

నాకు ఆ సన్యాసులంటే మంట. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న యాత్రకని గోదావరి వైపు వెళ్ళి, గుండు గీయించుకుని, తన పిండం తానే పెట్టుకుని కావి కట్టాడు. వెంట వెళ్ళినవాళ్ళు వచ్చి చెబితే తెలిసింది. సన్యాసం పుచ్చుకునేవాడు ముందు తన కర్మ తానే చేసుకుంటాడు. ఇక ఇంటివాళ్ళకు అతను పోయినవాడితో సమానం. నిజంగా పోయిన రోజున కాల్చరు, కూర్చోబెట్టి పూడుస్తారు. కొడుకు చేయాల్సిందంటూ ఏమీ ఉండదు.

మా వాడకట్టు పెద్దమనుషులు అమ్మను బొట్టు తీసేయమన్నారు. సారు వచ్చి మా గడపలో కూర్చున్నారు. “బొట్టు పుట్టినప్పటి సంది పెట్టుకుంటున్నవ్ గద చెల్లె. ఆయన తెచ్చింది కాదు, ఆయనెంట పోదు,” అన్నారు. అమ్మ ఈనాటికీ తీయలేదు. నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పారు. “పాత తమిళోళ్ళల్ల ఇల్లు నడిపి, పిల్లలు పెద్దగయినంక, మొగుడు పెండ్లాం కలిసి తపసుకు పోవుడు ఉండె. మీ నాయిన నడిమిట్లనే లేసి పోయిండు. గది తపస్సు గాదుర బిడ్డా, డుమ్మా.” నాన్న వెళ్ళాక నేను నవ్వింది అప్పుడే.

తర్వాత నాలుగేళ్ళకు నాన్న పోయాడని మఠం నుంచి కార్డు వచ్చింది. అది చేరేసరికి పూడ్చేసి వారం దాటింది. నేను తలకొరివి పెట్టడానికి తండ్రి లేకుండా పోయాడు. ఇది చెబితే చాలామందికి అర్థం కాదు. తండ్రి మీద కోపమున్నవాడికి ఆ అగ్గి ఇంకా ఎక్కువ కావాలి. సారుకు అర్థమైంది. అప్పటికే ఆయన భార్య పోయింది, పిల్లల్లేరు. చాయ్‌లో బిస్కెట్టు ముంచుకుంటూ అన్నారు: “మీ నాయినకు పెట్టకపోతివి. నాకు పెట్టు తలగోరు. నాకెవరున్నరు?” ముంచిన బిస్కెట్టు విరిగి చాయ్‌లో పడింది. ఎప్పుడూ పడేది. చెంచాతో తీసుకుని తినేవారు.

అప్పట్నుంచి అదొక పరాచికమైపోయింది. రిటైరై బార్డోలీ ఆశ్రమంలో ఒక గది తీసుకుని ఉన్నాక నేను నెలకొకసారి వెళ్ళేవాణ్ణి. నన్ను చూడగానే, “కుండ కొన్నవార?” అనేవారు. అంటే శవం ముందు కొడుకు నిప్పు పట్టుకుని నడిచే కుండ. “ఇంకా లేదు సారూ, తొందరేముంది?” అనేవాణ్ణి. “జర మంచిది సూసి కొను. నడిమిట్ల పలిగితే కాళ్ళు కాల్తయ్.”

మొన్న ఆ ఫోన్ వచ్చాక కొన్నాను. వేలితో కొట్టి మోగించి మరీ కొన్నాను. అక్కడికి వెళ్ళాక వ్యవధి ఉండదని సచిన్‌లోనే మంగలి దగ్గర గుండు గీయించుకున్నాను. బస్సు మారి, కుండ ఒళ్ళో పెట్టుకుని, చెరుకు బళ్ళ వెనకాల నెమ్మదిగా వెళ్ళాను. ఆశ్రమం గేటు దగ్గర ఒక సాధువు నా గుండు చూసి దండం పెట్టి, “ఏ ఆశ్రమం నుంచి వచ్చారు మహారాజ్?” అని హిందీలో అడిగాడు. మిల్లు నుంచి అన్నాను.

లోపల వేపచెట్టు పక్కన గొయ్యి తీసి ఉంది. సారు కావిబట్టలో, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. నుదుటి నిండా విభూది.

ఆశ్రమం పెద్ద స్వామి నెమ్మదిగా చెప్పారు. చావు దగ్గరపడినవాడు మూడుసార్లు ‘వదిలేశాను’ అంటే చాలట, సన్యాసమే. సారు తెల్లవారుజామున తనంతట తానే అడిగి తీసుకున్నారట. “ఇక ఈయనకు కొడుకు లేడు, శిష్యుడు లేడు. అగ్ని లేదు. మీరు కావాలంటే గోతిలో ఒక దోసెడు ఉప్పు వేయవచ్చు.”

కోపం వచ్చింది. ఆ రోజంతటిలో నాకు కలిగింది అదొక్కటే. ముప్పై ఏళ్ళు నన్ను ఆశపెట్టి, చివరికి ఈయనా డుమ్మా కొట్టాడు. కుండ కింద పెట్టి ఉప్పు వేశాను. చేతికి చిన్న కోత ఉంది, మిల్లులో తెగింది. అది కూడా మండినట్టు అనిపించలేదు.

అంతా అయ్యాక బా నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి చాయ్ ఇచ్చింది. రాత్రి సారు ఆమెతో అన్నారట: ఆ పిల్లవాడు ఒక చచ్చినవాణ్ణి చిన్నప్పట్నుంచి మోస్తున్నాడు, వాడి మనసు నిలబెట్టడానికి నన్ను కూడా మోయమన్నాను, అది నా తప్పు, ఆ బరువు దించి పోతాను.

స్వామి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయనకు నవ్వాలో వద్దో తెలియనట్టుంది.

“మూడుసార్లు సరిగ్గానే అన్నారు,” అన్నారు స్వామి. “ఆ తర్వాత మాట్లాడకూడదు, ఏమీ అడగకూడదు. కాసేపు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచి, సచిన్ బస్సు వచ్చిందా అని అడిగారు.”

“మీరేమన్నారు?”

“ఇంకా రాలేదన్నాను.”

కుండ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని తిరిగి వచ్చాను. శవానికని కొన్న కుండను ఎవరూ ఇంటికి తేరు. అమ్మకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. తలుపు తీసి నా గుండు చూసింది, కుండ చూసింది. లోపల మసి లేదు.

“ఏందిరా, పెట్టలేదా?”

“పెట్టనియ్యలేదమ్మా. సన్యాసం తీసుకున్నడు.”

అమ్మ కుండ నా చేతిలోంచి తీసుకుంది, మూడుసార్లు కడిగింది, నిండా నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెట్టింది. “నడిచెటోనికి నీళ్ళు కావాలె అంటుండె గద సారు,” అంది.

అది అక్కడే ఉంది. చుట్టూ చెమ్మ పట్టి గోడ కొంచెం తడిసింది. పొద్దున పనికి వెళ్ళేటప్పుడు అమ్మ దాంట్లోంచి ఒక గ్లాసు ముంచి నా ముందు పెడుతుంది. తాగుతాను. మట్టి వాసన ఇంకా పోలేదు. గ్లాసు పెట్టేసి, సచిన్ బస్సుకు నడుస్తాను.