పాడవని టర్బో

మా డీజిల్ కారుకు మెకానిక్ చేత బయట కొన్న టర్బో ఒకటి వేయించుకున్నాను. ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసే యంత్రమది, చూడటానికి ఇనుప నత్తగుల్లలా ఉంటుంది. మూడు నెలలు తిరిగాక అంతకంటే పెద్దది కంటబడింది. మనసు ఆగలేదు. పాతది నిక్షేపంగా ఉన్నా, "ఖరాబైంది, మార్చక తప్పలే" అని మా ఆవిడతో చెప్పి కొత్తది వేయించాను. ఆమె "అయ్యో" అంది. నమ్మేసిందనుకున్నాను.

పాతదాన్ని శుభ్రంగా తుడిచి, మా పెళ్లినాటి ఇత్తడి పళ్లెంలో పెట్టి, మేడ మీద ఎండలో ఫోటో తీశాను. 'కొద్దిగానే వాడినది' అని ఫోన్‌లో అమ్మకానికి పెట్టాను. భూపాలపల్లి నుంచి గనిలో పనిచేసే ఒకతను ఆ సాయంత్రమే మాట్లాడాడు. ఆదివారం పదింటికి జనగామలోని మా ఇంటికి రమ్మన్నాను. ఆ వేళకు మా ఆవిడ చర్చిలో ఉంటుంది.

అతని బస్సు ఆలస్యమైంది. చర్చిలో ప్రార్థన మాత్రం సమయానికే ముగిసింది.

మా ఆవిడే అతనికి చాయ్ తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది. అతను టర్బో లోపలి చక్రాన్ని వేలితో తిప్పాడు. ఇరుసును అటూ ఇటూ కదిపి చూశాడు.

"మంచిగనే తిరుగుతుంది అన్నా. నిజం చెప్పు, ఏమన్న ఖరాబుందా?"

బాగుందంటే ఇంట్లో దొరికిపోతాను. పాడైందంటే బేరం పోతుంది.

"అంటే తమ్మీ... ఖరాబంటే ఖరాబు గాదు. మంచిగున్నదంటే గూడ..."

"గదేంది అన్నా గట్ల చెప్తవు?" అంటూ అతను టర్బోను కింద పెట్టి లేవబోయాడు.

అప్పుడు మా ఆవిడ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కూసో తమ్మీ. దానికేం కాలే. మూడు నెలలే నడిచింది. గీయన తోలుడు నాకెరుక లేదా? ముంగట ఎడ్లబండి పోతుంటే, దాని ఎనకనే స్టేషన్ ఘన్‌పూర్ దాక పోతడు. పాపం, గా టర్బోకు పనే పడలే."

అతను చాయ్ ఒలికేలా నవ్వాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. అతను బేరమే ఆడలేదు. అడిగిన ధర ఇచ్చి, టర్బోను తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

"నీకెప్పుడు తెల్సింది?" అని నీళ్లు నములుతూ అడిగాను.

"నువ్వు దాన్ని కొత్త దస్తీతోటి తుడిచిన్నాడే. ఖరాబైన సామాన్ను ఎవరన్న గంత ముద్దుగ తుడుస్తరా?"

"మరి అప్పుడే ఎందుకు అడగకపోయినవ్?"

"ఇంకేం చెప్తవో చూద్దమని."

కోపం లేదు ఆమె ముఖంలో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చేయి చాపి కారు తాళాలు అడిగింది. డ్రైవింగ్ నేర్పమని రెండేళ్లుగా అడుగుతోంది, నేను ఏదో ఒకటి చెప్పి దాటేస్తూనే ఉన్నాను. "రేపటి సంది నేర్పు" అంది. తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

లైసెన్సు వచ్చిన వారానికే మహబూబాబాద్‌లోని తన తల్లిగారింటికి తనే కారు తోలింది. ఊరు దాటాక యాక్సిలరేటర్ నొక్కితే, పెద్ద టర్బో సన్నగా ఈల వేసింది. ఆమె వరుసగా రెండు లారీలను దాటేసింది. నేను కిటికీ పైనున్న పిడి పట్టుకుని "జర మెల్లగ" అన్నాను. వినపడనట్టే ఉంది.

మా అత్తగారి వాకిట్లో ఆగగానే చెల్లెళ్లందరినీ పిలిచి, బానెట్ ఎత్తి మరీ ఆ టర్బోను చూపించింది. నేను లోపలికెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాను.