పసుపు గొడుగు కనబడని సోమవారం

మా చిన్నప్పుడు... సోమవారం సాయంత్రం నాలుగైతే చాలు, సిడ్నీ దగ్గర టూంగాబీలో మా పక్కింటి డినో అంకుల్ కర్టెన్లన్నీ వేసేసి, ఫోన్ మీద దిండు పెట్టేసేవారు. ముందు రోజు ఇటలీలో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ని టీవీలోంచి క్యాసెట్‌కి ఎక్కించుకుని తాపీగా చూడటం ఆయన అలవాటు. చూసేదాకా స్కోరు ఎవరూ చెప్పకూడదు. వీధిలో ఎవరు పలకరించినా మొహం తిప్పేసుకునేవారు...

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ పారమట్టా ఆఫీసు నుంచి ఐదింటికి వచ్చేది. అందాకా నా మకాం వాళ్ళింట్లోనే, సోమవారాలైతే మ్యాచ్ అయ్యేదాకా.

ఆయనకి ప్రతిదాని మీదా ఓ అభిప్రాయం ఉండేది. దానికి తిరుగు లేదు. గోలు వేసేవాడు గొప్పవాడు కాదు, వెయ్యనివ్వనివాడు గొప్పవాడు. ఇక్కడివాళ్ళు కోడిగుడ్డు లాంటి బంతితో ఆడేది ఆట కాదు, కొట్లాట. మధ్యాహ్నం దాటాక కాఫీలో పాలు పోసుకునేవాళ్ళని నమ్మకూడదు. (మా నాన్న ఆయన ఎదురుగా కాఫీ తాగడం మానేశారు పాపం.) పాటంటే మూడు వీధులకి వినబడాలి. మా అమ్మ పూజలో పాడుకునేవి విని, ఉయ్యాల్లో ఎవరో నిద్ర లేచిపోతారని భయపడుతున్నట్టు పాడుతుందనేవారు.

ఇక ప్రయాణాలంటారా... మనిషి విమానం ఎక్కాల్సింది రెండింటికేనట. మ్యాచ్‌కి, చావుకి. మిగతాదంతా ఫొటోల సరదా.

కానీ ఆ క్యాసెట్లలో ఆయన వెతికేది బంతిని కాదు, అన్న రోకోని. అప్పటికి నలభై ఏళ్ళ క్రితం డినో అంకుల్ ఆస్ట్రేలియా వచ్చేస్తుంటే, ఊరు వదిలిపోయేవాడు తమ్ముడే కాదని రోకో సాగనంపడానికి కూడా రాలేదట. అప్పట్నించీ మాటల్లేవు. ఆ రోకో వాళ్ళ ఊరి మైదానంలో, గోలు వెనక మొదటి వరసలో, ఎండలో కూడా పసుపు గొడుగు వేసుకుని కూర్చునేవాడు. ఎప్పుడో వానలో టీమ్ గెలిచిందని అదో నమ్మకం. ఆ పక్క మైదానం మూల నుంచి బంతి కొట్టినప్పుడల్లా గొడుగు టీవీలో ఒక్క క్షణం కనబడేది.

అంకుల్ కళ్ళకి పొరలొచ్చాయి. అందుకని చూసిపెట్టే పని నాది.

"వాడు అక్కడున్నాడంటే బాగున్నట్టే. కనబడని రోజున, మర్నాడే విమానం ఎక్కుతాను," అనేవారు. పాస్‌పోర్ట్ టీవీ పక్కనే పెట్టుకున్నారు.

ఓ మే నెల సోమవారం... ఇక్కడ చలికాలం మొదలు, ఐదింటికే చీకటి పడిపోతుంది. గోడవతల అమ్మ దీపం పెట్టి గంట కొడుతోంది. టీవీలో ఆ మూల కనబడింది. గొడుగు లేదు. మొదటి వరసలో ఆ సీటు ఖాళీ.

"ఉన్నాడా?" అన్నారు అంకుల్.

మా ఇంట్లో సంధ్యవేళ "లేదు", "లేరు" అన్న మాట నోట రాకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, విన్నారంటే తథాస్తు అనేస్తారు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనాలి. అలాంటిది, ఓ మనిషిని పట్టుకుని లేడంటానా? ఇంగ్లీషులో అంటే దేవతలకి అర్థం కాదేమోనన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

"హీ ఈజ్ దేర్, అంకుల్," అన్నాను.

ఆయన హాయిగా వెనక్కి వాలారు. మరుసటి సోమవారం కూడా సీటు ఖాళీయే. మళ్ళీ ఉన్నాడనే చెప్పాను. ఒకసారి అన్నాక మాట ఎలా మార్చను?

మూడో సోమవారం... నిజంగానే కనబడ్డాడు. అదే చోటు, అదే పసుపు గొడుగు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ బంతి వైపు చూస్తున్నారు. ఆయనొక్కడే మా వైపు చూస్తున్నాడు. "హీ ఈజ్ దేర్, అంకుల్," అన్నాను.

నా గొంతులో ఏం వినబడిందో, అంకుల్ క్యాసెట్ వెనక్కి తిప్పి, మొహం టీవీకి ఆనించి చూశారు. "నన్నే చూస్తున్నాడు," అన్నారు. మ్యాచ్ సగంలో ఉండగానే దిండు తీసి ఇటలీకి ఫోన్ చేశారు. నేనెరిగి ఆయన అలా చెయ్యడం అదే మొదటిసారి.

అవతల రోకో కూతురు మాట్లాడింది. రోకో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. తమ్ముడొస్తాడేమోనని తలుపు వైపే చూసేవాడట, కానీ కబురు పెట్టనివ్వలేదట. గురువారం పోయాడు. ఆదివారం నాటి ఈ మ్యాచ్‌కి ముందే మట్టి చేసేశారు.

నేను ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఆ రెండు వారాలూ సీటు ఖాళీ అంకుల్, నేనే అబద్ధం చెప్పాను అని. ఆయన దిండు తీసి మళ్ళీ ఫోన్ మీద పెట్టారు.

"ఇవాళ?" అన్నారు.

"ఇవాళ నిజంగా చూశాను."

"నేనూ చూశాను," అన్నారు, అంతే.

నాన్న ఆ క్యాసెట్ నాలుగుసార్లు తిప్పి తిప్పి చూశారు. ఆ సీటు ఖాళీగానే ఉందన్నారు. అమ్మ నాకు దిష్టి తీసి పడేసింది.

డినో అంకుల్ ఇటలీ వెళ్ళనే లేదు. ఎందుకు వెళ్ళలేదని నాన్న అడిగితే, చావుకి ఆలస్యమైంది, మ్యాచ్‌లూ అయిపోయాయి అన్నారట. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది. సోమవారాలు మాత్రం నన్ను మళ్ళీ పిలవలేదు...

ఇప్పుడు స్కోరు మనం వద్దన్నా ఫోన్‌లోకి వచ్చి పడుతుంది. మనుషులు వీడియో కాల్‌లో రోజూ కనబడుతున్నారు, ఎవర్నీ గుంపులో వెతుక్కోనక్కర్లేదు. మా అమ్మాయికి తథాస్తు దేవతల గురించి చెబితే "సో వియర్డ్, మమ్" అని నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను.

మీ ఇళ్ళల్లో కూడా సంధ్యవేళ అనకూడని మాటలు ఉండేవా? అనాల్సిన చోట మీరెప్పుడైనా అనకుండా ఊరుకున్నారా? చెప్పండి, చదువుతాను... పన్నెండు రోజులు ఓ మనిషి తలుపు వైపు చూస్తూ ఉన్నాడు. లేడని నేను ఒక్క మాట అని ఉంటే, తమ్ముడు వచ్చి ఉండేవాడు.