పెద్దమ్మకు ఎకో తీసిన రోజు

ఇరవై ఏళ్ళ వయసులో మనకు తెలియనిది లోకంలో ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నేను బళ్ళారి బ్రూస్‌పేటలో ఒక మైక్‌సెట్ అంగడిలో పని చేసేవాణ్ణి. పెండ్లిళ్ళకూ, చర్చి పండుగలకూ స్పీకర్లు కట్టేవాళ్ళం. ఆంప్లిఫయర్ మీద 'ఎకో' అనే బొత్తాం కొంచెం తిప్పితే చాలు, పీలగొంతు మనిషి కూడా ఆకాశం నుంచి మాట్లాడినట్టు మోగేవాడు. అందుకే, గుండెదడతో దేశనూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మకు డాక్టరమ్మ "ఎకో తీయాల" అన్నప్పుడు, ఆ మాటకు అర్థం చెప్పే అధికారం నాదేననుకున్నాను.

పెద్దమ్మ నా చొక్కా పట్టుకుంది. "ఏందప్పా అది? కోస్తారా?" అంది. "కోసేదేం లేదు పెద్దమ్మా. నువ్వు హలో అంటే అది హలో, హలో, హలో అంటాది. అంతే" అన్నాను. (నాకు అంతకుమించి తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు.)

లోపల టెక్నీషియన్ ఆమె ఛాతీ మీద చల్లటి జిగురు పూసి, అచ్చం మైకులా ఉన్నదొకటి ఆనించాడు. పెద్దమ్మ తలెత్తి దానికేసి "హలో!" అని అరిచింది. అతను ఉలిక్కిపడి "అరవకుండా సుమ్నే పండుకోవ్వా!" అన్నాడు. వినబడలేదేమోనని ఆమె గొంతు పెంచి, "హలో! నేను దేశనూరు నుంచి వచ్చిండాను!" అంది. బయట బెంచీల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు.

డాక్టరమ్మ పరుగున వచ్చి, అరవమని ఎవరు చెప్పారని అడిగితే, పెద్దమ్మ గర్వంగా తలుపు దగ్గరున్న నన్ను చూపించింది. "మా పిల్లోడు. ఎకో పెట్టేది వాని పనే." "ఏ ఆస్పత్రిలో?" అంది డాక్టరమ్మ. "పెండ్లిళ్ళలో" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. తానే పక్కన కూర్చుని, "శబ్దం గుండెకు తగిలి తిరిగొస్తాది, దాంతో ఈ మిషను బొమ్మ గీస్తాది" అని చెప్పింది. పెద్దమ్మ భయం పోవాలని, పరీక్ష చేస్తూనే ఒక కథ కూడా చెప్పింది. గ్రీకుల పాత కథల్లో ఎకో అనే వాగుడుకాయ పిల్ల ఉండేదట. ఒక దేవత కోపంతో శపిస్తే, సొంతమాట పోయి, ఎదుటివాళ్ళ చివరి మాటే తిరిగి పలికేదట.

పెద్దమ్మ తన గుండె సంగతే మరిచిపోయింది. "అయ్యో, ఆకలైతే ఎట్లడుగుతాదమ్మా ఆ పిల్ల?" డాక్టరమ్మ మిషను బొమ్మ చూసి, "నీ గుండె గట్టిగానే ఉండాదమ్మా. రక్తమే తక్కువ" అని మాత్రలు రాసిచ్చింది.

కొన్నాళ్ళకు దేశనూరు పోతే, పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు ఆ కథే చెబుతోంది. ఎకోకు పెండ్లి కూడా చేసేసింది! "చెవిటి మొగునికిచ్చినారంట. ఊర్లో ఎవరేమన్నా వానికి ఇంకోసారి చెప్పేదానికి మనిషి కావాల కదా? సుఖంగా ఉండారు."

"కతలో అట్ల లేదు పెద్దమ్మా" అని నేను అందరి ముందూ గట్టిగా వాదించాను. "లేకుంటే పెట్టాలప్పా" అంది ఆమె, తలెత్తకుండా.

ఇప్పుడైతే ఆ వాదించే కుర్రాణ్ణి మెల్లగా పక్కకు జరిపి, ఆమె పక్కన కూర్చుని, వాళ్ళకు పిల్లలెంతమందో అడిగేవాణ్ణి.