చురుకైన ఎలుకలు

ఏళ్ల తరబడి గొంతులో అడ్డం పడిన మాట ఇది. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, ఒళ్లు మండుతుంది.

నాచారంలో మూలికా మందుల కంపెనీ. ఎలుకల గది నా పని. ఆడ ఎలుకలకు అండాశయాలు తీసేసేవాళ్లు. హార్మోన్ ఆగితే మెదడు మందగిస్తుందట. సరస్వతి ఆకు రసం పడితే మళ్లీ చురుకవుతుందా అన్నది పరీక్ష. అడుగు కనబడకుండా పాలపొడి కలిపిన తొట్టి నీళ్లలో, మునిగిన మెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అవి ఈదుకుంటూ చేరాలి. మందు పోయకముందే అన్నింటినీ ఒకసారి ఈదించి, చీట్లు తీసి మందు పోసేవి, పోయనివి అని రెండు గుంపులు చేయాలి. నేను చీట్లు తీయలేదు. చురుకైనవాటిని ఏరి మందు గుంపులో వేశాను. ఎవరూ చెయ్యమనలేదు. మా సారు మెప్పు కోసమా? అంతేనా నా బతుకు? మెచ్చుకున్నాడు. జ్ఞాపకశక్తికి మంచిదని సీసా మీద అచ్చేశారు.

మా అక్కది చిల్కానగర్. కడుపునొప్పని వెళ్తే ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసిపారేశారు. పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకన్నారు. వాళ్ల నోట్లో మన్ను పడ! అప్పటినుంచి అక్కకు ఒంట్లో ఆవిర్లు, మతిమరుపు. పెద్ద దవాఖానా డాక్టరమ్మ హార్మోన్ మాత్రలు రాసి, తనను అడగకుండా ఆపొద్దంది. అక్క మా కంపెనీ సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఎలుకలకు పనిజేసిందంటివి గదా చెల్లె. నువ్వే సూసినవ్. గీ మాత్రలు బంద్ జెయ్యాల్నా?"

"జెయ్యక్కా. మస్తు పనిజేస్తది."

వద్దంటే ఎందుకని అడుగుతుంది, అడిగితే నిజం చెప్పాలి, చెబితే ఉద్యోగం పోతుంది అని ఆ కాస్త సేపట్లో ఎంత చక్కగా లెక్క వేసుకున్నానో తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

కొన్నాళ్లకు అక్క కూరగాయల సంచితో ఉప్పల్ చౌరస్తాలో నిలబడిపోయింది, ఇంటికి ఏ రోడ్డో తెలియక. మాత్రలు ఆపినందుకేనా? ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. ఆ తేలకపోవడం వెనకే ఇన్నేళ్లూ సిగ్గులేకుండా దాక్కున్నాను.

మొన్న తెలంగాణ వచ్చిందని వీధంతా సంబరాలు. అక్క నా పేరు కోసం తడుముకుంటూనే, పక్కింటామెకు ఆ సీసా కొనమని చెబుతోంది, మా చెల్లె కండ్లార సూసిందని. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది. అలా ఆడుతున్నందుకూ నా మీద నాకు కోపమే.