డాలా మీద నా పేరు

తొమ్మిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. మనసులో మోశానని అనుకునేరు. బండి వెనక మోశాను. నా డీసీఎం వ్యాను వెనక డాలా తలుపు మీద, కింది మూలన, ఎర్ర రంగుతో ‘బాడీ పని’ అని, పక్కనే నా పేరు ఉండేది. సిద్దిపేట నుంచి మర్కూక్ దాకా నా వెనక వచ్చిన ప్రతి బండివాడూ దాన్ని చదివాడు. ఎవరూ అనుమానించలేదు. ఇక్కడ మాత్రం నా పేరు రాయను. ఇన్నేళ్లూ రాసుకున్నది చాలు.

ముందు పని సంగతి చెప్పనివ్వండి. అబద్ధాలకోరునే గానీ, ఆ పని మాత్రం నూటికి నూరుపాళ్లు కుదిరింది. తలచుకుంటే ఇవాళ్టికీ ఛాతీ పొంగుతుంది.

కూరగాయలు మోసి మోసి బండి వెనక భాగాన్ని తుప్పు తినేసింది. సరుకు దించేటప్పుడు తెరిచే డాలా ఒక పక్క ఊడిపోయింది. లైట్లు బిగించే గుండ్రటి మూలలు చేత్తో పట్టుకుంటే రాలిపోయేవి. బాడీ షెడ్లవాళ్లు వెనక ఒక్కటే చేయం, మొత్తం కట్టించుకుంటేనే ఒప్పుకుంటాం అన్నారు. నాకు రోషం వచ్చింది. పెళ్లికి ముందు కిటికీ గ్రిల్లుల దుకాణంలో వెల్డింగ్ చేసినవాణ్ణి, ఇంత చిన్న పని నాకు చేతకాదా? మిషన్ కిరాయికి తెచ్చి, ఇంటి వెనక ఖాళీ జాగలో బండి నిలబెట్టి మొదలుపెట్టాను. టేపుతో కొలిచి రేకు కోశాను. మూలకి ఆనిస్తే నాలుగు వేళ్లు తక్కువ వచ్చింది. దాన్నే అవతలి మూలకి పెట్టి చూశాను. అక్కడా కూర్చోలేదు. కోపంతో రేకుని తన్నాను. దెబ్బ నా కాలికే తగిలింది.

నా భార్య పద్మ వెనక గదిలో జాకెట్లు కుడుతోంది. ఆ చప్పుడుకి కుట్టుమిషన్ ఆపి వచ్చింది.

“గుండ్రం మీద టేపు పెట్టి రేకు కోస్తరా ఎవరన్న? చంక కాడ బట్ట నేనెట్ల కోస్త? ముందుగాల కాయితం పెట్టాలె” అంది.

పాత క్యాలెండర్లు తెచ్చి మైదాపిండి ఉడికించి ఒకదానికొకటి అతికించింది. ఆ కాగితాన్ని బండి మూలకి చుట్టి, బొటనవేలితో నొక్కుకుంటూ పోయి, సుద్దతో గీత గీసింది. రెండో మూలకి మళ్లీ వేరే కాగితం. ఒకటి చాలదా అంటే నవ్వింది.

“నీ ఎడమ భుజం కిందికుంటది. అంగీ రెండు పక్కల ఒక్క తీరుగ కుడితే నీకు పడ్తదా? బండి గూడ నీ లెక్కనే ఉన్నది.”

నిజమే. ఎప్పుడో తగిలిన దెబ్బకి ఎడమవైపు రెండు వేళ్లు దిగి ఉంది. రోజూ నడిపే నాకు అది కనబడలేదు. సరుకు కట్టే మోకు కోసుకుపోకుండా రేకు అంచు మడవమన్నది కూడా ఆమే. వెల్డింగ్ నాది. అది అబద్ధం కాదు. ఆ అబద్ధం ఇన్నేళ్లు నిలబడింది బహుశా అందుకే.

మూలలు కూర్చున్నాయి. వేలు దూరే సందు లేదు. డాలా మూస్తే ఠప్పుమని ఒకటే చప్పుడు. పద్మ దాన్ని ఊరికే మూడుసార్లు తెరిచి మూసింది. ఆ రోజు మా ఇద్దరికీ అన్నం సహించలేదు, అంత సంతోషం.

కొత్త పని చేసిన బండికి కొమురవెల్లి మల్లన్న దగ్గర బండారి పసుపు పెట్టకుండా మేము సరుకు ఎత్తం. ఆదివారం కొమురవెల్లి పోయాం. బండ్లు నిలిపే చోట ఒక పెద్దమనిషి మా బండి దగ్గర ఆగాడు. సిద్దిపేటలో బాడీ షెడ్డు నడుపుతాడు. మూల మీద చేయి ఆనించి కిందిదాకా నిమిరాడు.

“గీ కొలత ఎవరు తీసిన్రు తమ్మీ?”

“ఎందుకన్నా?”

“వెల్డింగ్ చేసెటోళ్లు నా కాడ మస్తుమంది ఉన్నరు. గిట్ల కొలత తీసెటోళ్లు ఒక్కరు లేరు. గా మనిషిని పంపు, నా షెడ్డుల పెద్దమేస్త్రిని చేస్త.”

“నేనే తీసిన” అన్నాను.

రెండడుగుల దూరంలో పద్మ బండారి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. వచ్చి మూలలకి పసుపు రాసింది.

ఎందుకన్నాను ఆ మాట? బండికి జాకెట్టు కుట్టించావా అని తోటి డ్రైవర్లు నవ్వుతారని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. పెద్దమేస్త్రి అనే మాట చెవిన పడగానే అది నాకు కావాలనిపించింది, అంతే. ఆ పిలుపు ఆమె కోసం వచ్చింది. మధ్యలో నేను అందుకున్నాను. సరుకు బేరాలు మానకుండానే ఆ షెడ్డులో పెద్దమేస్త్రిగా చేరాను, వారం తిరక్కుండా డాలా మీద నా పేరు రాయించాను. గుంపులో నాకు కొలత కుదరదని షెడ్డువాళ్లకి చెప్పి, మూలల పనికి బండ్లను ఇంటికి తెప్పించుకునేవాణ్ణి. కాగితం ఆమె కోసేది, నేను మడిచి షెడ్డుకి తీసుకుపోయేవాణ్ణి. ఆమె ఎందుకు ఊరుకుందో ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

పోయిన నెల షెడ్డు ఆసామి తన సొంతానికి పెద్ద లారీ కొన్నాడు. వెనక భాగం మొత్తం గుండ్రంగా కావాలి, కొలత ఇక్కడే, అందరూ నేర్చుకునేలా తీయాలి అన్నాడు. కాగితం పట్టుకుని మూల ముందు నిలబడ్డాను. చుట్టాను. ముడతలు పడింది. మళ్లీ చుట్టాను. చినిగింది. పనివాళ్లంతా చూస్తున్నారు. పద్మకి ఫోన్ చేసి సుద్ద తీసుకుని రమ్మన్నాను. ఆమె ఆటో దిగేసరికి అందరి ముందూ చెప్పేశాను, మొదటి బండి నుంచీ కొలతలన్నీ ఆమెవేనని. ఎవరో కిసుక్కున నవ్వారు.

పద్మ నా వైపు చూడలేదు. కొంగు బిగించి లారీ చుట్టూ ఒకసారి తిరిగింది. కాగితం అడిగింది. నవ్వినవాడే నిచ్చెన పట్టుకోవలసి వచ్చింది. పొద్దు వాలకముందే రెండు మూలలూ కూర్చున్నాయి, వేలు దూరే సందు లేకుండా. నాకు ఈల వేయాలనిపించింది. ఆసామి మూలని పైనుంచి కిందికి నిమిరి, అప్పటి మాటే మళ్లీ అడిగాడు.

“గీ కొలత ఎవరు తీసిన్రు చెల్లె?”

“నేనే తీసిన” అంది పద్మ.

ఇరుక్కున్నాను గనుక చెప్పాను. ఇరుక్కోకపోతే చెప్పేవాణ్ణా? తెలియదు. అందుకే, ఎవరూ అడగకపోయినా మీకు మళ్లీ చెబుతున్నాను. ఇప్పుడు ఆమె రోజూ షెడ్డుకి పోతోంది. ఇంటికొచ్చాక ఒక్కసారే ఆ సంగతి ఎత్తింది. “కొమురవెల్లి కాడ నువ్వన్నది గూడ నాకు ఇనవడ్డది” అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

డాలా మీది పేరు నేనే గీకేశాను. అక్కడ నీ పేరు రాయిస్తానంటే, తొమ్మిదేళ్ల తర్వాత నాకెందుకన్నట్టు చూసింది. ఆ జాగ ఖాళీగానే ఉంది. నిన్న మర్కూక్ నుంచి వస్తుంటే నా వెనక ఒక లారీ చాలాదూరం వచ్చింది. వెనకవాడు నా పేరు చదువుతున్నాడా అని ఎప్పుడూ అద్దంలో చూసేవాణ్ణి, మొదటిసారి చూడబుద్ధి కాలేదు. కొలత పద్మది.