తూము మూసిన ఓవర్సీరు

1948 చివర్ల, పోలీసు యాక్షన్ అయిన కొద్ది దినాలకే, నీళ్ల మహకమాల ఓవర్సీరుగ నన్ను మెదక్ పట్నంకు వేసిండ్రు. మహకమా అంటే శాఖ. ఓవర్సీరంటే ఇంజనీరు సాబ్ కింద, మేస్త్రీల మీద ఉండెటోడు. వయసు చిన్నది, పొగరు పెద్దది.

కొట్లాటలకు భయపడి టేక్మాల్, ఎల్దుర్తి దిక్కు నుంచి చానామంది పట్నంల వచ్చి పడ్డరు. ఇంటికి రెండిండ్ల మనుషులు, తాగేతందుకు అవే పాత బావులు. ఎండకాలం గడవాలంటే చెరువు నీళ్లు దాయాలని లెక్కగట్టి, ఇంజనీరు సాబ్ హుకుం తెచ్చి, పొలాలకు నీళ్లిడిసే తూము మూయించిన.

ఆ తూము ఇప్పి మూసెటోడు నీరడి సాయన్న. వాళ్ల తాత కాలం నుంచి అదే పని. "సాబ్, మడులల్ల నీళ్లు పారకుంటె కింది గల్లీ బావులు ఎట్ల ఊరుతయి? జర సోంచాయించుండ్రి" అన్నడు. నాకే చదువు చెప్తవా అని గదమాయించిన. ఆయన పోయి తూము మూసిండు.

నెల తిరిగేసరికి చెరువు నిండుగనే ఉన్నది, కింది గల్లీ బావులల్ల మాత్రం బొక్కెన ఏస్తే బురద వచ్చింది. ఎల్దుర్తి నుంచి వచ్చిన లచ్చవ్వ ఖాళీ బొక్కెన నా ముందర పెట్టింది. "పానానికి భయపడి ఈడికొస్తిమి. ఇప్పుడు నీళ్లకోసం మల్ల ఆ ఊరికే పోవాల్నా బిడ్డా?" నాకు తల కొట్టేసినట్టయింది.

మూసిన తూము ఇప్పాలంటే ఇంజనీరు సాబ్ హుకుం కావాలె. కాగితం పోయి రానీకి పది దినాలు. అప్పటిదాంక లచ్చవ్వ తాగేదేంది? సీదా సాయన్న ఇంటికి పోయి, తప్పయిందన్న. గా మనిషి నేను ముందే చెప్పిన గదా అని ఒక్క మాటనలే! తువ్వాల నెత్తికి సుట్టుకుంట, "మీ నౌకరీ పోదా సాబ్?" అని అడిగిండు. పోతె పోనీ అన్న.

తూము సగమే ఇప్పి, వంతులేసి మడులకు పారించిండు. రోజు పొద్దుగాల బావిలకు తొంగిచూసి, గోడ రాళ్లు ఎన్ని మునిగినయో చూసి మల్ల తూము సదిరెటోడు. తొమ్మిదోనాటికి బావిల నీళ్లు తేటగ నిలిచినయి. లచ్చవ్వ పట్నంలనే ఉండిపోయింది. హుకుం లేకుంట ఇప్పినందుకు నా సర్వీసు బుక్కుల మందలింపు పడ్డది. సాయన్న పేరు మాత్రం నేను ఏ కాగితంల రాయలే.

తర్వాత చానా ఏండ్లు పెరిగే పట్నాలకు నీళ్ల స్కీములు రాసిన. ఏ ఊరికి పోయినా ముందుగాల నీరడి ఇంటికి పోయి, ఆ తర్వాతనే నక్ష, అదే ఊరి పటం, ఇప్పిన. ఇప్పటి ఇంజనీర్లు వచ్చి, బోర్లెందుకు ఎండుతున్నయి సార్ అని అడుగుతరు. మీ ఊరి మడులు ఏడున్నయో చూపియ్యుండ్రి అని నేనంట. ఆ జాగల ఇండ్ల ప్లాట్లు చూపిస్తరు.